తూము మూసినా తడి ఆరని మడి: కాలేయ క్యాన్సర్‌పై ఒక కేస్ స్టడీ

కుడి డొక్కలో పైవైపున బరువుగా ఉంటోందనీ, నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాననీ చెబుతూ డెల్టా ప్రాంతానికి చెందిన 57 ఏళ్ల వరి రైతు ఒకరు మా ఆసుపత్రి కాలేయ వైద్య విభాగానికి వచ్చారు. ఆయన అనుమతి తీసుకునే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు వదిలేశాను. నేను శస్త్రచికిత్స నిపుణుణ్ని కాను, కీమోథెరపీ ఇచ్చే ఆంకాలజిస్టునూ కాను. స్కాన్‌లో చూస్తూ సన్నని గొట్టాలతోనూ సూదులతోనూ గడ్డను చేరుకుని అక్కడికక్కడే చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టును. క్యాన్సర్ విషయంలో ఈ పనినే ఇంటర్వెన్షనల్ ఆంకాలజీ అంటున్నాం. మొదటి విడతలో నేను చూడవలసిన ఒక ధమనిని చూడకుండా వదిలేశాను. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం అదే.

ఆయనకు మద్యం అలవాటు లేదు, షుగరు లేదు. పాతికేళ్ల కిందట కామెర్లు వస్తే ఊళ్లో పసరు పోయించుకున్నాననీ, నెలలోపే తగ్గిపోయాయనీ చెప్పారు. ఇంట్లోవాళ్లంతా ఇప్పటి జబ్బుకు ఆ కామెర్లే మూలమనీ, పసరు సరిగా పడలేదనీ గట్టిగా నమ్ముతున్నారు. పెద్దవయసులో సోకిన హెపటైటిస్ బి వైరస్ చాలామందిలో దానంతట అదే తొలగిపోతుంది. ఏళ్ల తరబడి కాలేయంలో ఉండిపోయేది ఎక్కువగా పుట్టుకలోనో పసితనంలోనో సోకినదే. కాబట్టి ఆ కామెర్లకూ ఈ గడ్డకూ సంబంధం ఉందని చెప్పలేం. అంతకన్నా నన్ను బాధించిన సంగతి మరొకటి ఉంది. ఆరేళ్ల కిందట ఆయనకు కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని చూపే హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చింది. ఆ రోజు ఆయన ఆపరేషన్‌ను అందరికన్నా చివర చేశారు, పనిముట్లు వేరుగా పెట్టారు, కాగితం చేతిలో పెట్టి పంపించారు. కాలేయ వైద్యుణ్ని కలవమని గానీ, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోమని గానీ ఎవరూ చెప్పలేదు. తమ సిబ్బందిని కాపాడుకోవడానికి చేసిన పరీక్ష ఆ మనిషికి మాత్రం పనికిరాకుండా పోయింది.

పరీక్షల్లో బిలిరుబిన్ 1.3, ఆల్బుమిన్ 3.6, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్ఆర్ 1.2 ఉన్నాయి. పొట్టలో నీరు లేదు, మతిమరుపు, మగత వంటి లక్షణాలూ లేవు. అంటే కాలేయం ఎంత బాగా పనిచేస్తోందో కొలిచే చైల్డ్-ప్యూ లెక్కలో 5 పాయింట్లు, అన్నిటికన్నా మెరుగైన ‘ఏ’ తరగతి. ప్లేట్‌లెట్లు మాత్రం 92,000. ప్లీహం పెరిగి ఉంది. ఎండోస్కోపీలో అన్నవాహిక గోడల్లో చిన్నపాటి ఉబ్బిన సిరలు కనిపించాయి. కాలేయం పైకి పని బాగానే చేస్తున్నా లోపల మచ్చకట్టి (దీన్నే సిర్రోసిస్ అంటాం), పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిందని వీటి అర్థం. ఈ క్యాన్సర్‌లో తరచుగా రక్తంలో పెరిగే ప్రోటీన్, ఏఎఫ్‌పీ, 640.

రక్తనాళాల్లోకి కాంట్రాస్టు అనే మందు ఎక్కించి, అది పాకే మూడు దశల్లో తీసిన సీటీలో కాలేయం కుడి భాగంలో, వెనక పైమూలన, ఏడో సెగ్మెంట్‌లో 5.4 సెంటీమీటర్ల గడ్డ, పొట్టనూ ఛాతీనీ వేరుచేసే కండరమైన డయాఫ్రంకు ఆనుకుని ఉంది. దాని దిగువన ఆరో సెగ్మెంట్‌లో 1.7 సెంటీమీటర్లది మరొకటి. రెండూ ధమని దశలో చుట్టూ ఉన్న కాలేయం కన్నా తెల్లగా వెలిగి, తర్వాతి దశల్లో మందు కడిగేసినట్టు నల్లబడ్డాయి. సిర్రోసిస్ ఉన్నవారిలోనో దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారిలోనో ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే అది కాలేయ కణాల్లోనే పుట్టే క్యాన్సర్, హెపటోసెల్యులర్ కార్సినోమా, అని ముక్క పరీక్ష లేకుండానే నిర్ధారిస్తాం. క్యాన్సర్లలో ఇలాంటి వెసులుబాటు చాలా అరుదు. ‘ముక్క తీయకుండా క్యాన్సర్ అని ఎలా అంటారు’ అని పెద్దకొడుకు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకునే ప్రమాదం కొద్దిగా ఉందనీ, సీటీ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆ ప్రమాదం తెచ్చుకోవలసిన అవసరం లేదనీ చెప్పాను. పోర్టల్ సిర శుభ్రంగా ఉంది. ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో ఏమీ లేదు.

బోర్డు నిర్ణయం

వేర్వేరు విభాగాల వైద్యులు కలిసి చికిత్స నిర్ణయించే మా ట్యూమర్ బోర్డులో చర్చ ఎక్కువసేపే సాగింది. పోర్టల్ ఒత్తిడి ఉన్న కాలేయంలో కుడి వెనక భాగాన్ని కోసి తీసేస్తే మిగిలిన భాగం ఆ భారాన్ని మోయలేకపోవచ్చని సర్జన్ మొదటే చెప్పేశారు. కాలేయ మార్పిడి గడ్డనూ సిర్రోసిస్‌నూ రెండింటినీ ఒకేసారి తొలగిస్తుంది గానీ, 1996 నుంచి అమల్లో ఉన్న మిలాన్ ప్రమాణాల ప్రకారం గడ్డ ఒకటే ఉంటే 5 సెంటీమీటర్ల లోపు, రెండు మూడు ఉంటే ఒక్కొక్కటీ 3 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఈయన ఆ గీతకు కాస్త అవతల ఉన్నారు. ఇమ్యునోథెరపీ మందులు అందుబాటులో ఉన్నాయి. అయితే రోగం కాలేయం దాటకుండా, రక్తనాళాల్లోకి చొరబడకుండా ఉన్నంత కాలం వాటిని వెనకకు ఉంచడమే మేలని ఆంకాలజిస్టు అభిప్రాయపడ్డారు. ఇట్రియం-90 కణాలతో లోపలి నుంచి రేడియేషన్ ఇచ్చే పద్ధతి కూడా పరిశీలించాం. దాని ఖర్చు ఆ కుటుంబానికి అందేది కాదు. అర్ధాయువు 64 గంటలే కావడం వల్ల మందు తయారైన రోజునూ రోగి బల్ల ఎక్కే రోజునూ ముందే లెక్కగట్టుకుని తెప్పించుకోవాలి.

చివరికి కీమోఎంబొలైజేషన్, ఆసుపత్రి వాడుకలో ‘టేస్’, చేసి గడ్డలను మిలాన్ గీత లోపలికి తెచ్చే ప్రయత్నం చేయాలని నిర్ణయించాం. దానికి ముందే వైరస్ మందు మొదలుపెట్టించాం. కీమో మందు తగిలినప్పుడు నిద్రాణంగా ఉన్న హెపటైటిస్ బి తిరగబెట్టి, గడ్డ వల్ల కాకుండా వైరస్ వల్లే కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి.

టేస్‌ను రోగికి వివరించడం నాకు ఎప్పుడూ ఇష్టమైన పని. మేకలోనైతే కార్జం అంటామే, అదే మనలోనూ ఉన్న కాలేయం అని మొదలుపెడతాను. దానికి రెండు చోట్ల నుంచి రక్తం వస్తుంది: నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా, మిగతాది ధమని ద్వారా. కాలేయం ప్రధానంగా సిర మీద బతుకుతుంది. ఈ రకం గడ్డ దాదాపు పూర్తిగా ధమని మీద బతుకుతుంది. కాబట్టి గడ్డకు వెళ్లే ధమనిలోకి మందు పోసి, ఆ ధమనిని మూసేస్తే గడ్డ ఎండుతుంది, కాలేయం నిలుస్తుంది. ఈయనకు తూము ఉదాహరణ చెప్పాను: ఒకే చేనుకు రెండు కాలువలున్నాయి, కలుపుకు నీళ్లిచ్చే తూమును మాత్రం మూస్తాం. ఆయన వెంటనే తలూపారు. జపాన్‌లో 1970ల చివర రూపుదిద్దుకున్న ఈ పద్ధతి ఆయుష్షు పెంచుతుందని 2002లో బార్సిలోనా, హాంకాంగ్ వైద్యుల అధ్యయనాలు రెండూ విడివిడిగా చూపించాకే చికిత్సా మార్గదర్శకాల్లో దానికి స్థిరమైన చోటు దొరికింది.

మొదటి విడత

కుడి గజ్జలో మత్తు సూది ఇచ్చి తొడ ధమనిలోకి ప్రవేశించాను. మొదట పేగులకు రక్తమిచ్చే సుపీరియర్ మెసెంటెరిక్ ధమనిలో కాంట్రాస్టు ఇచ్చి ఎక్స్‌రే చిత్రాలు తీశాను. సుమారు పది మందిలో ఒకరికి కుడి కాలేయ ధమని అక్కడి నుంచి పుడుతుంది, అది చూడకుండా ముందుకెళ్లకూడదు. ఈయనకు అలా లేదు. తర్వాత బృహద్ధమని నుంచి పుట్టి కాలేయానికీ కడుపుకూ రక్తమిచ్చే సీలియాక్ ధమని, అక్కడి నుంచి కాలేయ ధమని, దాని కుడి శాఖ, అందులో వెనక శాఖ. మిల్లీమీటరు మందం కూడా లేని సన్నని గొట్టాన్ని, 2.4 ఫ్రెంచ్ మైక్రోకాథెటర్‌ను, గడ్డకు వెళ్లే కొమ్మ దాకా నడిపించాను. 50 మిల్లీగ్రాముల కీమో మందు డాక్సోరుబిసిన్‌ను కొద్దిపాటి కాంట్రాస్టులో కరిగించి, దాన్ని 10 మిల్లీలీటర్ల లిపియడాల్‌తో రెండు సిరంజిల మధ్య అటూఇటూ తోస్తూ కలిపాం. లిపియడాల్ అంటే గసగసాల నూనెకు అయొడిన్ చేర్చి చేసినది. నీటి వంతు నూనె వంతు కన్నా తక్కువగా ఉంటేనే మందు చుక్కలు నూనెలో నిలుస్తాయి. అటుదిటైతే మందు గడ్డలో నిలవకుండా త్వరగా రక్తంలో కలిసిపోతుంది. టెక్నీషియన్ చేతి వాటం ఫలితాన్ని మార్చే చోట్లలో ఇదొకటి. చివరగా జెలటిన్ ముక్కలతో ధమనిని మూశాను. చిన్న గడ్డకు కూడా అదే శాఖ నుంచి మందు చేరింది. తెర మీద రెండు గడ్డలూ నల్లగా నిండిపోయాయి. గంటన్నరలో పని ముగిసింది. నాకు తృప్తిగానే అనిపించింది.

ఆ తర్వాత మూడు రోజులు 101 డిగ్రీల దాకా జ్వరం, కుడి డొక్కలో నొప్పి, వికారం ఉన్నాయి. టేస్ తర్వాత ఇవి సాధారణమే. గడ్డ చనిపోతున్నప్పుడు వచ్చే ఈ జ్వరాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని రకరకాల యాంటీబయాటిక్స్ వాడేయడం ఎక్కువగా చూస్తుంటాం. అయితే పిత్తనాళానికి ఇదివరకు ఆపరేషనో స్టెంటో అయినవారిలో ఇదే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, వారికి కాలేయంలో చీముగడ్డ ఏర్పడే ముప్పు చాలా ఎక్కువ. ఈయనకు అలాంటి చరిత్ర లేదు. బిలిరుబిన్ 2.1కి పెరిగి వారంలో 1.4కి దిగింది. నాలుగో రోజు ఇంటికి పంపాం.

ఐదు వారాలకు తీసిన సీటీలో చిన్న గడ్డ నిండుగా లిపియడాల్‌తో నిండి ఉంది. పెద్దది కూడా నిండింది, ఒక్క చోట తప్ప. డయాఫ్రంను ఆనుకున్న వెనక పైఅంచున నెలవంక ఆకారంలో నూనె చేరని ఖాళీ ఉంది. లిపియడాల్ సీటీలో ఎముకలా తెల్లగా కనిపిస్తుంది కాబట్టి దాని పక్కన గడ్డ బతికి ఉందో లేదో సీటీ మీద మాత్రమే ఆధారపడి చెప్పడం కష్టం. కాంట్రాస్టుతో ఎంఆర్ఐ చేయించాం. అనుమానం నిజమైంది: సుమారు 2 సెంటీమీటర్ల మేర గడ్డ సజీవంగా ఉంది. ఏఎఫ్‌పీ 640 నుంచి 210కి తగ్గి ఆగింది.

ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు ‘మందు పనిచేయలేదు’ అనేసి అదే ధమనిలో మరోసారి అదే మందు పోయడం చాలా సులభం. రోగికి స్కాన్ చూపిస్తూ, మూశాం గానీ ఒక మూల ఇంకా మిగిలిందని చెప్పాను. ఆయన కాసేపు తెర కేసి చూసి, ‘తూము గట్టిగానే మూశారు కదా డాక్టరు గారూ. అయినా మడి తడి ఆరలేదంటే పక్క చేలోంచి ఊట వస్తున్నట్టే కదండీ’ అన్నారు. ఆయన ఆ మాట అనే సమయానికి నా మనసులో అలాంటి అనుమానం లేకపోలేదు. కానీ చికిత్సకు ముందు తీసిన పాత సీటీని మళ్లీ తెరిచి వరుసగా ఒక్కొక్క పొరా చూసింది మాత్రం ఆ సాయంత్రమే.

ఊట ఎక్కడిది

డయాఫ్రంకు రక్తం ఇచ్చే ధమనులు, కుడి ఒకటి ఎడమ ఒకటి, బృహద్ధమని నుంచి గానీ సీలియాక్ మొదలు నుంచి గానీ పుడతాయి. వీటిని ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ ధమనులు అంటాం. మామూలు మనిషిలో రెండూ దారప్పోగుల్లా ఉంటాయి. ఈయన మొదటి సీటీలోనే, ధమని దశలో, కుడివైపుది ఎడమదానికన్నా స్పష్టంగా లావుగా ఉండి గడ్డ కేసి వంపు తిరిగి వెళ్తోంది. నేను కాలేయ ధమని శాఖలను మూడుసార్లు చూశాను. దీన్ని ఒక్కసారీ చూడలేదు. రిపోర్టులోనూ ఆ ప్రస్తావన లేదు, ఆ రిపోర్టు మీద సంతకం నాదే.

కాలేయానికి దాదాపు అంతటా పెరిటోనియం పొర కప్పి ఉంటుంది. వెనక పైభాగాన ఒక చోట మాత్రం ఆ పొర లేకుండా కాలేయం నేరుగా డయాఫ్రంకు అతుక్కుని ఉంటుంది. దాన్ని బేర్ ఏరియా అంటాం, ఏడో సెగ్మెంట్‌లో ఎక్కువ భాగం దానికే ఆనుకుని ఉంటుంది. అక్కడ పెరిగే గడ్డకు డయాఫ్రం ధమని నుంచి రక్తం లాక్కోవడానికి అడ్డేమీ లేదు. కాలేయం బయటి నుంచి ఈ క్యాన్సర్‌కు రక్తమిచ్చే దారుల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించేది ఇదే. గడ్డ ముందువైపు ఉంటే రొమ్ము లోపలి ధమని, కింద ఉంటే ఒమెంటం (పేగుల ముందు వేలాడే కొవ్వు పొర) లేదా పెద్దపేగు ధమనులు, పక్కటెముకల కింద ఉంటే వాటి మధ్య నడిచే ధమనులు ఇలాగే దారి ఇస్తాయి. గడ్డ కాలేయం పైతొడుగును ఎక్కడ తాకుతోందో చూస్తే దొంగ కాలువ ఎటునుంచి వస్తుందో చాలావరకు ఊహించవచ్చు.

రెండో విడతలో నేరుగా బృహద్ధమనిలో, సీలియాక్‌కు కొద్దిగా పైన, కుడి ఫ్రెనిక్ ధమని మొదలును వెతికి పట్టుకున్నాను. అందులో కాంట్రాస్టు ఇవ్వగానే మిగిలిన నెలవంక అచ్చంగా అదే ఆకారంలో వెలిగింది. బల్ల మీదే కోన్‌బీమ్ సీటీ తీసి రెండు విషయాలు చూశాం: ఆ వెలుగు గడ్డదేనా అనేది ఒకటి, ఆ ధమని నుంచి ఊపిరితిత్తుల రక్తనాళాలకు అడ్డదారి ఏదైనా ఉందా అనేది రెండోది. అలాంటి దారి ఉంటే నూనె ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి వస్తుంది. లేదని తేలాక 3 మిల్లీలీటర్ల లిపియడాల్‌లో 15 మిల్లీగ్రాముల డాక్సోరుబిసిన్ కలిపి ఇచ్చి, జెలటిన్‌తో మూశాను. ఆ రాత్రి ఆయనకు కుడి భుజం నొప్పి మొదలైంది. గుండె నొప్పేమోనని కుటుంబం కంగారు పడింది. ఈసీజీ మామూలుగానే ఉంది. డయాఫ్రం నుంచి నొప్పిని మోసే నరం మెడలో పుడుతుంది కాబట్టి అక్కడి బాధ భుజంలో తెలుస్తుంది. రెండు రోజులు ఎక్కిళ్లు కూడా వచ్చాయి. ఊపిరితిత్తి అడుగున కొద్దిగా నీరు చేరి, పదిరోజుల్లో ఇంకిపోయింది.

నాలుగు వారాల తర్వాతి ఎంఆర్ఐలో నెలవంక మాయమైంది. ఏఎఫ్‌పీ 38. అయితే గడ్డ లోపలి అంచున, కుడి కాలేయ సిరకు అర సెంటీమీటరు దూరంలో, 1.1 సెంటీమీటర్ల చుక్క ఒకటి బతికే ఉంది. మొదటి స్కాన్‌లో అది ఉందా లేదా అన్నదానిపై నాకూ నా సహచరుడికీ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మూడోసారి టేస్ చేయవచ్చు. కానీ ప్రతిసారీ కాలేయం కొంత నష్టపోతుంది, రెండుసార్లకు లొంగని చోట మూడోసారి అదే దారి పట్టడం నాకు నచ్చలేదు. చుక్క చిన్నది, సూదికి అందుతుంది. సూది గుచ్చి గడ్డను వేడితో కాల్చే అబ్లేషన్ చేద్దామని బోర్డు ఒప్పుకుంది.

పెద్ద రక్తనాళం పక్కన గడ్డను వేడితో కాల్చేటప్పుడు పారే రక్తం వేడిని లాగేసి గడ్డ అంచును చల్లబరుస్తుంది. రేడియోఫ్రీక్వెన్సీ సూదికి ఈ బెడద ఎక్కువ, మైక్రోవేవ్‌కు తక్కువ. అందుకే మైక్రోవేవ్ ఎంచుకున్నాం. ప్లేట్‌లెట్లు 88,000 ఉండటంతో వాటిని ఎక్కించాల్సిన పని పడలేదు. పూర్తి మత్తు ఇచ్చి, శ్వాసను క్షణకాలం నిలిపి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పక్కటెముకల మధ్య నుంచి యాంటెన్నాను దించి, దాని కొనను సీటీలో సరిచూసుకున్నాం. 60 వాట్ల మీద 5 నిమిషాలు. బయటికి తీసేటప్పుడు సూది దారిని కూడా కాల్చుకుంటూ వచ్చాం. రక్తస్రావానికీ క్యాన్సర్ కణాలు దారిలో నాటుకోవడానికీ అది అడ్డుకట్ట. కాలిన మేర చుక్కను దాటి అన్ని వైపులా కనీసం 5 మిల్లీమీటర్లు ఉందని వెంటనే తీసిన సీటీలో తేలింది. మర్నాడు సాయంత్రం ఇంటికి వెళ్లారు.

ఇదే సూదితో మూత్రపిండంలో 4 సెంటీమీటర్ల లోపు క్యాన్సర్‌ను, ఆపరేషన్‌కు తట్టుకోలేనివారిలో ఊపిరితిత్తి లోపలి చిన్న గడ్డను, పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన కొద్దిపాటి చుక్కలను నిర్మూలించవచ్చు. ఎముకకు పాకిన గడ్డ నొప్పిని తగ్గించవచ్చు. హార్మోన్లు చేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ గడ్డలు కాలేయానికి పాకితే ధమని దారి పనికొస్తుంది. పసిపిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమాకైతే తొడ నుంచి కంటి ధమని దాకా సన్నని గొట్టం నడిపి మందు ఇస్తారు. వీటన్నిటికీ గడ్డ ఉన్న చోటూ, దాని పరిమాణమూ, చుట్టూ ఉన్న అవయవాల సత్తువా కొలమానాలు. రక్త క్యాన్సర్ వంటివాటిలో, గుప్పెడు చోట్లకు మించి పాకిపోయిన జబ్బులో మా సూదికి మూలచికిత్సగా పాత్ర లేదు. ఆ మాట మొదటే చెప్పకపోవడం వల్ల ఖర్చయ్యే డబ్బూ ఆశా రెండూ తిరిగి రావు.

తర్వాతి సంగతి

అబ్లేషన్ తర్వాత ఏఎఫ్‌పీ 7కి దిగింది. రెండు గడ్డల్లోనూ జీవం లేదు, అంటే లెక్క ప్రకారం ఆయన మిలాన్ గీత లోపలికి వచ్చారు. మార్పిడి గురించి మళ్లీ కూర్చున్నాం. పెద్దకొడుకు కాలేయంలో కొంత ఇస్తానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు, ఇద్దరం మంచం పడితే చేను ఎవరు చూస్తారని అడిగారు. మరణించినవారి అవయవాలను అవసరమైనవారికి అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు చేయించడానికి మాత్రం సరే అన్నారు. భార్యకూ పిల్లలకూ హెపటైటిస్ బి పరీక్ష చేయించాం. చిన్నకూతురికి పాజిటివ్ వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు కాలేయ వైద్యుల పర్యవేక్షణలో ఉంది. నెగెటివ్ వచ్చినవారందరూ టీకా వేయించుకున్నారు.

మా విభాగంలో అప్పటి నుంచి టేస్‌కు ముందు చదివే ప్రతి సీటీలోనూ ఫ్రెనిక్ ధమనులు ఎక్కడ పుట్టాయి, ఏ పక్కది లావుగా ఉంది అన్న రెండు వరుసలు తప్పనిసరిగా రాస్తున్నాం. చాలాసార్లు అక్కడ ‘మామూలుగా ఉన్నాయి’ అని మాత్రమే ఉంటుంది.

పదహారు నెలలు శుభ్రంగా గడిచాయి. కిందటి నెల ఎంఆర్ఐలో ఎడమ భాగంలో, నాలుగో సెగ్మెంట్‌లో, 11 మిల్లీమీటర్ల కొత్త చుక్క కనిపించింది. ధమని దశలో వెలుగుతోంది గానీ తర్వాత నల్లబడటం లేదు. ఇప్పటికి దాన్ని క్యాన్సర్ అనలేం, కాదనీ అనలేం. మచ్చకట్టిన కాలేయం కొత్త గడ్డలకు నేలగానే ఉంటుందని ఆయనకు మొదటి రోజే చెప్పాను కాబట్టి పెద్దగా చలించలేదు. ‘ఇది ఏ కాలువ మీద ఉందండీ’ అని మాత్రం అడిగారు. ఎడమ శాఖ మీద ఉందనీ, ఈసారి డయాఫ్రం వైపు కూడా చూశాననీ చెప్పాను. మూడు నెలలకు మళ్లీ స్కాన్. నాట్లు అయిపోయాక వస్తానన్నారు. నాట్లకు ముందే రమ్మని తేదీ రాసిచ్చాను.